ఫాలిజ్ రోగుల పక్కన హకీం రాజీ

యునానీ వైద్యం గురించి కాస్తయినా విన్నవారికి హకీం అబూబకర్ ముహమ్మద్ బిన్ జకరియా రాజీ పేరు కొత్త కాదు. మశూచి వేరు, తట్టు వేరు అని గుర్తులతో సహా విడదీసి గ్రంథం రాసిన వైద్యుడిగా ఆయన ప్రపంచానికి తెలుసు. ఆ గ్రంథం గురించి ఇదివరకు ఎందరో రాశారు. ఈ వారం మేము ఆయన జీవితంలోని మరో పార్శ్వాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము. మెదడుకో, వెన్నుపాముకో దెబ్బ తగిలిన మనిషికి చెయ్యీ కాలూ ఎందుకు పడిపోతాయి? పడిపోయిన చెయ్యి కొందరిలో కర్రలా ఎందుకు బిగుసుకుంటుంది? పోయిన శక్తిలో తిరిగి వచ్చేదెంత? ఈ ప్రశ్నలు రాజీ ముందు కూడా ఉన్నాయి. చివరికి ఆయన చేతి కండరమే ఆయన మాట వినడం మానేసింది. ఆ సంగతి తర్వాత చెబుతాము.

రాజీ హిజ్రీ 251 షాబాన్ నెలలో, అంటే క్రీ.శ. 865లో, ఇరాన్ దేశంలోని రయ్ పట్టణంలో జన్మించారు. ఆ రయ్ ఇప్పుడు టెహ్రాన్ నగరంలో కలిసిపోయింది. రయ్ వాసి కనుక రాజీ అన్నారు. ఖురాన్‌కు పెద్ద తఫ్సీర్ రాసిన ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ కూడా ఆ ఊరివారే గానీ, ఆయన దాదాపు 300 సంవత్సరాల తర్వాతివారు. మా దగ్గర చదువుకునే పిల్లలు ఈ ఇద్దరినీ తరచు ఒకరే అనుకుంటారు గనుక ముందే చెబుతున్నాము.

యువకుడిగా ఉన్నప్పుడు రాజీకి వైద్యం మీద ధ్యాస లేదు. ఊద్ వాయించేవారని, పాడేవారని చరిత్రకారులు రాశారు. ఆ తర్వాత కీమియా మీద మోజు పుట్టింది. కొలిమి ముందు కూర్చొని లోహాలు కరిగించడం, ఆవిరులు పట్టడం, ద్రావకాలు తీయడం ఆయన దినచర్య అయింది. ఆ పొగలే తర్వాత ఆయన కళ్లను తినేశాయని అల్ బిరూనీ అభిప్రాయం. వైద్యశాస్త్రం చేపట్టేనాటికి ఆయనకు ముప్పై దాటాయి. మన ఇళ్లలో పాతికేళ్లు నిండిన అబ్బాయి కొత్త చదువు మొదలుపెడతానంటే ఇక వయసెక్కడిదని పెదవి విరుస్తాము. రాజీ ఆ వయసులో మొదలుపెట్టి తన ఊరి ఆసుపత్రికి పెద్ద అయ్యారు. ఆనక ఖిలాఫత్ రాజధాని బాగ్దాద్‌లో కూడా ఆసుపత్రిని నడిపారు.

బాగ్దాద్ ఆసుపత్రి స్థలం ఎంపిక గురించి ఒక కథ చాలామందికి తెలుసు. నగరంలో అక్కడక్కడ మాంసం ముక్కలు వేలాడదీయించి, ఎక్కడి ముక్క ఆలస్యంగా కుళ్లిందో అక్కడ ఆసుపత్రి కట్టమన్నారని ఆ కథ. వినడానికి బాగుంటుంది. అయితే ఆ కథలో చెప్పే అజుదీ ఆసుపత్రి తెరిచేనాటికి రాజీ కన్నుమూసి యాభై ఏళ్లు దాటింది. పెద్దవారి చుట్టూ ఇలాంటి కథలు అల్లుకోవడం మామూలే.

నమ్మదగిన చిత్రం ఒకటి ఇబ్నె నదీం ‘ఫిహ్రిస్త్’లో ఉంది. రాజీ తల పెద్దది. ఆయన కొలువులో శిష్యులు వరుసలు వరుసలుగా కూర్చునేవారు. రోగి వస్తే ముందుగా బయటి వరుసలోని కొత్త శిష్యులు చూడాలి. వారికి అంతు చిక్కకపోతే లోపలి వరుసకు, అక్కడా తేలకపోతే ఆ లోపలి వరుసకు పంపాలి. ఎవరికీ బోధపడని రోగి చివరికి రాజీ ముందుకు వచ్చేవాడు. నేటి బోధనాసుపత్రులలో ముందు హౌస్‌సర్జన్, తర్వాత అసిస్టెంట్, ఆపైన ప్రొఫెసర్ చూసే వరుస ఇంచుమించు ఇదే. రాజీ బీదలకు ఉచితంగా వైద్యం చేసి, పథ్యానికి డబ్బు కూడా ఇచ్చేవారట. ఎప్పుడు చూసినా ఏదో ఒకటి రాసుకుంటూనో, నకలు తీసుకుంటూనో కనిపించేవారట.

ఈ రాసుకోవడమే మాకు ముఖ్యం. రాజీ ఏ జబ్బు గురించి చదివినా ముందు గ్రీకు వైద్యులు ఏమన్నారో, సిర్యానీ వైద్యులు ఏమన్నారో రాసుకునేవారు. మన దేశపు చరకుడు, సుశ్రుతుడు కూడా ఆ కాగితాలలో ఉన్నారు. ఇవన్నీ రాసిన తర్వాత ‘లీ’ అని రెండే అక్షరాలు వేసి, దాని కింద తన మాట రాసేవారు. అరబీలో ‘లీ’ అంటే ‘నాది’ అని అర్థం. పరుల మాటకూ తన మాటకూ మధ్య ఆయన పెట్టుకున్న గోడ అది. ఆ గోడ ఉండబట్టే వెయ్యేళ్ల తర్వాత కూడా ఏది విన్నదో, ఏది కళ్లారా చూసిందో మనం వేరు చేయగలుగుతున్నాము.

ఇక ఫాలిజ్ సంగతికి వద్దాము. మన ఇళ్లలో ఫాలిజ్ అన్నా, తెలుగులో పక్షవాతం అన్నా, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం అనే అర్థం. రాజీ కాలానికి ఈ విద్యలో పెద్ద దిక్కు జాలీనూస్, అంటే గాలెన్. ఆయన రాజీకి దాదాపు 700 ఏళ్ల ముందు రోమ్ నగరంలో వైద్యం చేశారు. జంతువుల వెన్నుపామును ఒక్కో ఎత్తులో కోసి చూశారు. కోసిన చోటికి కింద ఉన్న శరీరమంతా కదలికనూ స్పర్శనూ కోల్పోతుందని, మెడ పైభాగంలో కోస్తే ఊపిరే ఆగుతుందని, సగమే కోస్తే ఆ పక్క కదలిక మాత్రమే పోతుందని తేల్చారు. చెయ్యి పడిపోయినంత మాత్రాన జబ్బు చేతిలో ఉన్నట్టు కాదని చూపిన తొలి పరిశోధనలలో ఇది ముఖ్యమైనది.

గాలెన్ చెప్పిన ఒక రోగి కథను రాజీ తన కాగితాలలో ఎక్కించుకున్నారు. ఒక పండితుడు బండి మీద నుంచి పడి, వీపు పైభాగం రాయికి తగిలింది. కొన్నాళ్లకు ఆయన చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలిలో సగం మొద్దుబారాయి. వైద్యులు వేళ్లకు లేపనాలు పూస్తూ పోయారు. ఏమీ తగ్గలేదు. గాలెన్ వచ్చి వేళ్ల సంగతి వదిలేసి, ఈమధ్య ఎక్కడైనా పడ్డారా అని ఆరా తీశారు. మెడ కింది భాగంలో నుంచి ఆ వేళ్లకు వెళ్లే నరం దెబ్బతిన్నదని గ్రహించి, మందును వేళ్ల నుంచి తీసి మెడ కింద వేయించారు. రోగి కోలుకున్నాడు. నేటి డాక్టర్లు కూడా ఆ రెండున్నర వేళ్ల తిమ్మిరి చూడగానే ఏ నరమో చెప్పగలరు. రాజీ తన ‘కితాబుల్ మన్సూరీ’లో మెదడు నుంచి ఏడు జతల నరాలు, వెన్నుపాము నుంచి ముప్పైఒక్క జతల నరాలు వస్తాయని లెక్క చెప్పారు. వెన్ను నరాల లెక్క నేటికీ అదే. మెదడు నరాలు పన్నెండు జతలని తర్వాత తేలింది.

ఆయన తన సొంత చూపును లఖ్వా విషయంలో కూడా చూపారు. మూతి వంకర పోయిన మనిషిని చూస్తే మనకు ఒకే జబ్బుగా కనిపిస్తుంది. రాజీ అందులో రెండు రకాలను గుర్తించారు. ఒక దానిలో ఒక పక్క కండరాలు సడలి జారిపోతాయి. మరో దానిలో ఒక పక్క బిగిసి ముఖాన్ని తన వైపు లాగుతుంది. అంతేగాక ముఖంతో పాటు ఇతర ఇంద్రియాలు, అవయవాలు దెబ్బతిన్నాయా అని చూసి, జబ్బు మెదడులో ఉందా, ముఖానికి వచ్చే నరంలో ఉందా అని వేరుచేశారు. ఈ తేడా ఇవాళ కూడా ప్రాణాల మీదికి తెచ్చే తేడా. నరానికి వచ్చిన లఖ్వా చాలామందిలో వారాలలోనో నెలలలోనో సర్దుకుంటుంది. మెదడులో వచ్చినదైతే గంటలు లెక్కపెట్టుకోవాలి.

సడలడం, బిగియడం అన్నాము గదా. అరబీ వైద్యంలో మొదటిది ఇస్తిర్ఖా, రెండవది తషన్నుజ్. ఈ రెంటికీ కారణాలు ఎదురెదురుగా ఉంటాయని గ్రీకుల నాటి నుంచీ వస్తున్న సిద్ధాంతం. నరంలో తేమ ఎక్కువైతే సడలుతుంది. అతిగా నిండినా, పూర్తిగా ఎండినా బిగుస్తుంది. వాద్యపు తంతి ఎండకు బిగిసినట్టు, తడికి సాగినట్టు అన్నమాట. ఊద్ వాయించిన చేతికి ఈ పోలిక సులువుగా నచ్చి ఉంటుందని మేము అనుకుంటాము. కానీ సిద్ధాంతం నిలవలేదు. సడలడమూ బిగియడమూ తరచు ఒకే గాయానికి ముందూ వెనుకా దశలని చాలా కాలం తర్వాత తేలింది.

దాన్ని ఇలా చెప్పుకోవచ్చు. వెన్నుపాము గుర్రం వంటిది, మెదడు రౌతు వంటిది. కండరాన్ని చటుక్కున సాగదీస్తే తిరిగి బిగియమని వెన్నుపాము తనంతట తానే ఆజ్ఞ ఇస్తుంది. మోకాలి కింద సుత్తితో తడితే కాలు ఎగరడం అందుకే. మెదడు పైనుంచి కళ్లెం పట్టుకొని ఈ దూకుడును అదుపులో ఉంచుతుంది. మెదడుకో వెన్నుపాముకో దెబ్బ తగిలితే మొదట గుర్రం కూడా స్పృహ తప్పినట్టు పడి ఉంటుంది. చెయ్యి వేలాడుతుంది. కొన్ని రోజులకో వారాలకో గుర్రం లేస్తుంది, కళ్లెం పట్టేవాడు మాత్రం లేడు. ఇక కొంచెం కదిపినా కండరం బిగుస్తుంది. మోచెయ్యి మడుచుకుంటుంది, పిడికిలి మూసుకుంటుంది, మడమ పైకి లేస్తుంది. ఇంగ్లండుకు చెందిన షెరింగ్టన్ 1898లో పిల్లుల మీద చేసిన పరిశోధనలు ఈ కళ్లెం సంగతిని బయటపెట్టాయి. నరకణాల మీద చేసిన కృషికి ఆయనకు 1932లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ మా అనకాపల్లి వైపు మేము చూసే విషయం ఒకటి చెప్పాలి. బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే కలాసీ కావచ్చు, తాటిచెట్టు మీద నుంచి జారిన మనిషి కావచ్చు, జాతీయ రహదారి మీద స్కూటర్ పడి తలకు దెబ్బ తగిలిన కుర్రవాడు కావచ్చు. మంచం మీద నెల రోజులు వేలాడిన చెయ్యి ఒకనాడు బిగియగానే ఇంటివారు సంతోషిస్తారు. బలం వస్తోందనుకుంటారు. మడిచిన చేతిని అలాగే వదిలేస్తారు. ఆరు నెలలకు కీలు పట్టేసి, పిడికిలి తెరిచి గోళ్లు తీయడానికి కూడా వీలుకాని స్థితి వస్తుంది. బిగువు బలం కాదు. రోజుకు చాలాసార్లు నెమ్మదిగా సాగదీయాలి, చేతిని తెరిచి ఉంచే పట్టీ కట్టాలి, మంచం మీద పక్కలు మార్చాలి. ఉన్నట్టుండి బిగువు పెరిగితే మూత్రంలో ఇన్ఫెక్షనో, మలబద్ధకమో, పడక పుండో, కాలి గోరు లోపలికి గుచ్చుకోవడమో ఉందేమో చూడాలి. రోగికి నొప్పి తెలియకపోయినా వెన్నుపాముకు తెలుస్తుంది.

పావురం నెత్తురు పూస్తే ఫాలిజ్ పోతుందన్న నమ్మకం హిందువులలోనూ, మనలోనూ ఉంది. కబూతర్ కోసం సంత తిరిగే ఆ రెండు మూడు గంటలే రోగికి అమూల్యమైనవి. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. అదీ స్కాన్ తీసి, రక్తస్రావం లేదని తేలిన తర్వాతే. విశాఖ మనకు దూరం కాదు. నెత్తురు పూసి, తెల్లవారాక చూద్దామని కూర్చున్న ఇళ్లు మాకు తెలుసు. విచిత్రమేమంటే, జనం చదివిన వైద్యులను వదిలి తెలియనివారి వెంట ఎందుకు పడతారన్న విషయం మీద రాజీ ప్రత్యేకంగా ఒక చిన్న పుస్తకం రాశారు. ఎంత నేర్పరి వైద్యుడైనా అన్ని జబ్బులనూ నయం చేయలేడని ఇంకొకటి రాశారు. వైద్యుడు అందుబాటులో లేని బీదవారి కోసం, దొరికే దినుసులతో మరొకటి రాశారు. మా దృష్టిలో ఈ మూడూ కలిపి చదవవలసినవి.

రాజీ పరిశోధకుడన్న మాట ఊరికే అనలేదు. మెదడు పొరల వాపును ఆనాడు సర్సామ్ అనేవారు. తలలో, మెడలో నొప్పి నాలుగైదు రోజులు ఉండి, వెలుతురు చూడలేక, నిద్ర పట్టక రోగి అలసిపోతుంటే సర్సామ్ రాబోతున్నదని ఆయన అనుభవం. రక్తం తీయడం వల్ల అది ఆగుతుందా లేదా అని తెలుసుకోవడానికి ఆయన కొందరు రోగులకు రక్తం తీయించి, మరికొందరిని కావాలనే తీయించకుండా వదిలారు. తీయించనివారికి సర్సామ్ వచ్చిందని రాసుకున్నారు. రక్తం తీయడం మంచిదన్న ఆయన తీర్పును నేటి వైద్యం ఒప్పుకోదు. రోగులను అలా వదిలేయడాన్ని కూడా నేటి నియమాలు ఒప్పుకోవు. కానీ మందు వేసినవారిని వేయనివారితో పోల్చి చూడాలన్న ఆలోచన మీదనే ఇవాళ ప్రతి కొత్త మందూ పరీక్షకు నిలుస్తోంది. గాలెన్ అంతటి గురువు మాట తన ఆసుపత్రిలో కనబడ్డదానికి సరిపోకపోతే, గురువును గౌరవిస్తూనే తప్పు పట్టడానికి రాజీ ‘షుకూక్’ అనే గ్రంథమే రాశారు. తత్వశాస్త్రంలో, ధర్మ విషయాలలో ఆయనవిగా చెప్పే కొన్ని అభిప్రాయాలను ఉలమాలు గట్టిగా ఖండించారు. అది వేరే చర్చ. ఆయన వైద్యాన్ని మాత్రం ఖండించినవారి ఇళ్లలో కూడా వాడుకున్నారు.

ఫాలిజ్‌తో ముడిపడి రాజీ మీద ఒక కథ ప్రచారంలో ఉంది. 12వ శతాబ్దంలో నిజామీ అరూజీ ‘చహార్ మఖాలా’లో రాశారు. బుఖారా అమీర్ మన్సూర్‌కు కీళ్లు పట్టేసి కాళ్లు కదలకుండా అయ్యాయి. రాజీని పిలిపించారు. దారిలో జైహూన్ నది అడ్డు వచ్చింది. ఆ నది వెడల్పు చూసి రాజీ పడవ ఎక్కనన్నారు. భటులు కాళ్లూ చేతులూ కట్టి పడవలో పడేసి దాటించారు. ఒడ్డుకు చేరాక ఆయన కోపగించుకోలేదట. ఇష్టపడి ఎక్కి మునిగిపోతే లోకం మూర్ఖుడంటుంది, కట్టి పడేస్తే జాలి పడుతుంది, అందుకే ఎక్కనన్నానని చెప్పారట. అమీర్‌కు ఎన్ని మందులు వాడినా గుణం కనిపించలేదు. ఒకరోజు ఆయనను వేడినీళ్ల హమామ్‌లోకి తీసుకెళ్లి, అందరినీ బయటికి పంపి, షర్బత్ తాగించి, ఉన్నట్టుండి కత్తి పట్టుకొని తిట్లు లంకించుకున్నారు. అమీర్ కోపంతో, భయంతో ముందు మోకాళ్ల మీద, తర్వాత కాళ్ల మీద లేచి నిలబడ్డాడు. రాజీ బయట సిద్ధంగా ఉంచిన గుర్రం ఎక్కి పారిపోయారు. దూరం వెళ్లాక, ఇదంతా వైద్యమేనని ఉత్తరం రాశారు. అమీర్ సంతోషించి ఏటా 2,000 దీనార్లు ఏర్పాటు చేశాడు.

కథలో అమీర్‌గా చెప్పిన మన్సూర్ బిన్ నూహ్ గద్దె ఎక్కింది 961లో. అప్పటికి రాజీ లేరు. రాజీ నిజంగా తన గ్రంథం అంకితమిచ్చింది రయ్ పాలకుడు మన్సూర్ బిన్ ఇస్‌హాక్‌కు. పేరు ఒకటే కావడంతో కథ అల్లినవారు తికమక పడి ఉంటారు. ఇంత వివరంగా మేము చెప్పడానికి కారణం ఉంది. ఫాలిజ్ రోగిని గద్దిస్తే లేస్తాడని, ఏడిపిస్తే రోషం వచ్చి నడుస్తాడని నమ్మే పెద్దలు మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నారు. కోపం, భయం, చలి బిగువును పెంచుతాయన్నది నిజమే. ఒక్కోసారి ఆవలించినప్పుడు పడిపోయిన చెయ్యి తనంతట తానే పైకి లేస్తుంది కూడా. అది చూసి, కావాలనే కదపడం లేదని కోడళ్లనూ, తల్లులనూ నిష్ఠురమాడతారు. ఆ కదలిక రోగి చేతిలో లేదు. గద్దింపు వల్ల బిగిసిన కాలు ఆ క్షణం నిలబెట్టవచ్చు, మరుక్షణం పడేయవచ్చు. తిరిగి రావలసిన శక్తి మొదటి మూడు నుంచి ఆరు నెలలలో వేగంగా, తర్వాత నిదానంగా, అదీ పదే పదే చేసిన అభ్యాసంతో వస్తుంది. మెదడులో బతికి ఉన్న భాగం పోయిన భాగం పనిని కొంత నేర్చుకుంటుంది. వెన్నుపాము పూర్తిగా తెగితే మాత్రం ఆ దారి దాదాపు మూసుకుపోతుంది.

రాజీ సొంత చేతి విషయం ఆయనే తన జీవన విధానం గురించి రాసిన చిన్న గ్రంథంలో చెప్పుకున్నారు. ఒకే ఏడాదిలో తాయెత్తుల మీద రాసేటంత సన్నటి అక్షరాలతో 20,000 కాగితాలకు పైగా రాశారట. ఒక పెద్ద వైద్య సంకలనం మీద రాత్రీ పగలూ 15 ఏళ్లు పనిచేశారట. దానితో చూపు మందగించింది, చేతి కండరం పట్టు తప్పింది. చదవడమూ రాయడమూ సాగలేదు. ఆయన ఊరుకోలేదు. చదివి వినిపించడానికి, చెప్పింది రాయడానికి ఇతరుల సాయం తీసుకున్నారు. అది మెదడు జబ్బా, నరం జబ్బా, అతిగా వాడిన కండరపు అలసటా అని ఇంత దూరం నుంచి మేము తీర్పు చెప్పబోము. ఒక్కటి మాత్రం గమనించాము. వేల రోగుల అవయవాల గురించి రాసిన మనిషి తన చేతి గురించి ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టారు.

తర్వాత చూపు పూర్తిగా పోయింది. పాలకుడు పుస్తకంతో తల మీద కొట్టించడం వల్ల పోయిందన్నది కట్టుకథ. కంటి పొర తీయడానికి ఒక వైద్యుడు వస్తే, కంటికి పొరలు ఎన్ని అని రాజీ అడిగారట. అతడు చెప్పలేకపోయాడు. పొరల లెక్క తెలియని చేతికి కన్ను అప్పగించనన్నారట. హిజ్రీ 313 షాబాన్‌లో, క్రీ.శ. 925లో, రయ్‌లోనే ఆయన కన్నుమూశారు. అంత పేరున్న వైద్యుడు చేతిలో ఏమీ మిగుల్చుకోలేదని చెబుతారు.

మిగిలింది కాగితాల గుట్ట. అది ఆయన సోదరి దగ్గర ఉండిపోయింది. కొన్నేళ్లకు బువైహీ రాజ్యపు వజీరు ఇబ్నుల్ అమీద్ రయ్‌కు వచ్చి, ఆమెకు చాలా ధనం ఇచ్చి వాటిని తీసుకున్నాడు. బతికి ఉన్న శిష్యులను కూర్చోబెట్టి వరుసగా పేర్పించాడు. అదే ‘కితాబుల్ హావీ’. ఆమె ఆ కాగితాలను పొయ్యిలోకో, పచారీ కొట్టుకో వేయకుండా దాచిన సంగతిని మేము ప్రత్యేకంగా చెప్పుకోవాలనుకుంటున్నాము. ఆమె పేరు కూడా చరిత్ర మనకు అందించలేదు. 1279లో సిసిలీకి చెందిన ఫరజ్ బిన్ సాలిమ్ అనే యూదు పండితుడు రాజు చార్లెస్ కోసం ‘హావీ’ని లాటిన్‌లోకి తెచ్చారు. 1486లో ఇటలీలోని బ్రెషియా పట్టణంలో అచ్చయింది. యూరప్ వైద్య విద్యార్థులు ఎన్నో తరాలు రాజీని చదువుకున్నారు.

కండరం ఎలా పనిచేస్తుందన్న విషయంలో మన తెలుగువారి వంతు కూడా ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలో శక్తి నిల్వ ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. వెన్ను విరిగినవారికి బతుకు చూపిన కృషి మరోవైపు సాగింది. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ రోగులను రాత్రి పగలు రెండేసి గంటలకు పక్క మార్పించి, పడక పుండ్లతో చనిపోవలసినవారిని చక్రాల కుర్చీలలో కూర్చోబెట్టారు. మన పక్కనే వేలూరులో డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము కింది శక్తి పోగొట్టుకొని కూడా, చక్రాల కుర్చీలో కూర్చొనే శస్త్రచికిత్సలు చేసి, 1966లో పునరావాస కేంద్రం ప్రారంభింపజేశారు. మన ప్రాంతం నుంచి కూడా ఎందరో అక్కడికి వెళ్లి వచ్చారు. బిగువు తగ్గించడానికి ఇప్పుడు బాక్లోఫెన్ మాత్రలు ఉన్నాయి. మరీ బిగిసిన కండరానికి బోట్యులినమ్ ఇంజెక్షన్ ఇస్తారు, దాని ప్రభావం మూడు నాలుగు నెలలు ఉంటుంది. మాత్ర ఎంత, ఎప్పుడు ఆపాలి అన్నది డాక్టరే చెప్పాలి. బాక్లోఫెన్‌ను హఠాత్తుగా మానేయడం ప్రమాదకరం.

లాటిన్‌లో 1486లోనే అచ్చయిన ‘హావీ’ అరబీ మూలం మాత్రం 20వ శతాబ్దం దాకా ఇలా పూర్తిగా వెలుగు చూడలేదు. ఆ పని జరిగింది బాగ్దాద్‌లో కాదు, టెహ్రాన్‌లో కాదు, మన హైదరాబాద్‌లో. 1888లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో నెలకొన్న దాయిరతుల్ మఆరిఫ్, పాత అరబీ రాతప్రతులను పరిష్కరించి అచ్చు వేసే సంస్థ. జామియా నిజామియా స్థాపకులు మౌలానా అన్వారుల్లా ఖాన్, ఇమాదుల్ ముల్క్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్ దాని వెనుక నిలిచినవారు. తర్వాత అది ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలోకి చేరింది. స్పెయిన్‌లోని ఎస్కోరియల్ గ్రంథాలయంలో ఉన్న రాతప్రతి ఆధారంగా అక్కడి పండితులు 1955లో ‘హావీ’ మొదటి సంపుటాన్ని వెలువరించారు. మొత్తం 23 సంపుటాలయ్యాయి. ప్రపంచంలో ఎవరు రాజీ వైద్యం మీద పరిశోధన చేసినా హైదరాబాద్ ప్రతిని తిరగేయవలసిందే. ఆ మొదటి సంపుటం తలకు సంబంధించిన జబ్బులది. సక్తా, ఫాలిజ్, లఖ్వా, తషన్నుజ్, రాషా అన్నీ అందులోనే ఉన్నాయి. మధ్య మధ్య, ఇతరుల మాట ముగిసిన చోట, ఆ ‘లీ’ అలాగే అచ్చులో నిలిచి ఉంది.